గడప బయటి చెప్పులు

వణికే చేతులను విడిచిపెట్టని దేవునికి స్తోత్రం.

నర్సింహులపేటలో మా పెద్దమ్మ మోటారుసైకిల్ చప్పుడు వినగానే గడప బయటి చెప్పులు లోపలికి తెచ్చి గొళ్లెం పెట్టేది. ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని. తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజులవి. కూలి దొరక్క, ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఆమె తీసుకున్న అప్పు వాయిదాలు ఆగిపోయాయి.

ఒకరోజు చెప్పులు తీసేలోపే వసూలుకు వచ్చినతను ఇంట్లోకి నడిచి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"పైసలు కట్టెదాక ఈడికెల్లి లేవ. నీ సంఘపోళ్లను పిలువు, అందరి ముంగట నీ ఇజ్జత్ తీస్త" అన్నాడు.

అతను అడిగింది ఆమెతోపాటు అప్పు తీసుకున్న ఆడవాళ్ల సంఘాన్ని. భయంలో పెద్దమ్మకు తోచింది మాత్రం మా ప్రార్థన సంఘం. "బిడ్డా, సంఘపోళ్లను జర రమ్మను" అని నన్ను పంపింది.

బైబిళ్లు పట్టుకుని అందరూ వచ్చారు. సంఘ పెద్ద నెమ్మదిగా అన్నాడు: "అప్పు ఆమెది, కడ్తది. ఇంట్ల జొర్రి బెదిరించే హక్కు నీకెవలిచ్చిండ్రు తమ్మీ? పా, ఠాణాల అడుగుదం."

అతను లేచాడు. "మల్లొస్త" అంటూ వెళ్లాడు.

మేం లోపల ప్రార్థనకు కూర్చున్నాం. వీధిలో మళ్లీ మోటారుసైకిల్ చప్పుడైంది. పెద్దమ్మ గబుక్కున లేచి మా అందరి చెప్పులూ ఒళ్లోకి ఎత్తుకోసాగింది.

సంఘ పెద్ద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యి అక్కా. మేమున్నమని కనపడనియ్యి."

ఆమె చెప్పులు దించింది. చేతుల వణుకు మాత్రం ఆగలేదు. అలా వణుకుతున్న ప్రతి ఇంటి కోసం, చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి.