తెగిన తీగ ముందు మా తాతయ్య

నా చిన్నప్పుడు శామీర్‌పేట బస్సులో మా తాతయ్య ఎక్కితే ఎవరో ఒకరు లేచి సీటు ఇచ్చేవారు. ఆయన తండ్రి, తాత మా ఊళ్లో శిస్తు వసూలు చేసిన మాలీ పటేళ్లు. ప్రభుత్వం ఆ పదవులు తీసేసినా ఊరు ఆయనను పటేలా అనే పిలిచేది. ఆయనకు ఎదురు చెప్పిన మనిషిని పదేళ్లు వచ్చేదాకా నేను చూడలేదు.

తొంభైల్లో ఒక వానాకాలం, గాలివాన వెలిసిన పొద్దున ఆయన వెంట పొలానికి వెళ్లాను. మా పాడిబర్రె మడిలో పక్కకు ఒరిగి పడి ఉంది. దాని పక్కనే తెగిన కరెంటు తీగ. కర్రతో తీగను తీసేద్దామని, నన్ను గట్టు మీద నిలబెట్టి తాతయ్య మడిలోకి దిగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"కాళ్లు జుమ్ముమంటున్నయి" అన్నారు.

పక్క చెలకలో గడ్డి కోస్తున్న మా ఊరి కరెంటు లైన్‌మన్ భార్య కేక వేసింది. "ఏ పటేలా! ఆడ్నే ఆగు! కాలెత్తకు! పిలగా, నువ్వు గట్టు దిగితే కాళ్లిరగ్గొడ్త!"

మా తాతయ్య మీద అరుపు!

"కట్టె ఇడువు, అది గూడ తడిసింది. రెండు పాదాలు కలుపు. లేపకుంట గింతింత ఎన్కకు జరుపుకుంట రా. తడి నేలల కరెంటున్నది, అడుగు పెద్దగేస్తే గుంజుతది."

బాట మీద నలుగురు పోగయ్యారు. ఒకడు నవ్వాడు. తాతయ్య మెడ బిగిసింది. "గింతమంది ముందట పసిపోరని లెక్క జరగాల్నా?"

"సచ్చినంక ఊరంత వస్తది, అప్పుడు సక్కగ పండుకుందువు. గిప్పుడైతే జరుగు పటేలా."

ఆయన జరిగారు. పంచె బురదలో ఈడుస్తూ, పాదం పాదానికి రాసుకుంటూ, జానెడు కూడా కాదు, అంగుళం అంగుళం. ఆయన గట్టు ఎక్కేసరికి నా నిక్కరు తడిసి ఉంది. ఎప్పుడు తడిసిందో నాకు తెలియదు.

ఆమె భర్త వచ్చి కరెంటు బంద్ చేసేదాకా ఆమె ఎవరినీ మడిలో కాలు పెట్టనివ్వలేదు. బర్రె అప్పటికే చచ్చిపోయింది. ఇంటికి చేరాక తాతయ్య మా అవ్వతో, "గామె ఒర్లకుంటే నేను లేను" అన్నారు. ఇంకొకరి గురించి అంత పెద్ద మాట ఆయన నోట మళ్లీ వినలేదు.

తెగిన తీగ కనబడితే ఇప్పటికీ దూరంగానే నిలబడి, కరెంటాఫీసుకు ఫోన్ చేసి, వచ్చేపోయేవాళ్లను ఆపుతాను. ఎదుటివాడు ఎంతటివాడైనా గొంతు తగ్గించను. మొన్న కారు దిగిన ఒక పెద్దమనిషి నా మీద కోప్పడ్డాడు. కోప్పడనిచ్చాను, కదలనివ్వలేదు.

ఆ పొలం నాలుగెకరాలూ మా నాయిన ప్లాట్లవాళ్లకు అమ్మేశారు. అక్కడి నుంచి నాకు మిగిలింది ఆమె కేక ఒక్కటే.