నూట ఇరవై ఏడు కజ్జికాయలు

మా కాలంలో కోడలికి తెలివి ఉందో లేదో పొయ్యి దగ్గరే తేల్చేవాళ్లు. నాకు సంతకం తప్ప చదువు రాదు, లెక్క మాత్రం నోటితో వచ్చు. (నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, మధ్యమధ్య నవ్వుతోంది. నవ్వనివ్వండి.) హగరి ఏటి దగ్గర మా అత్తగారింటికి నేను కొత్తగా వచ్చినప్పటి మాట. తెక్కలకోటలో మా అక్క బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టిల పండగ. కజ్జికాయలు పంపాలి, వాటితో పాటు నన్నూ పంపాలి. అత్తమ్మ పద్ధతేమిటంటే, చేసినవన్నీ గుడ్డ మీద సమానమైన వరసల్లో పేర్చి చూపాలి. ఒక్కటి కూడా మిగలకూడదు, బుట్ట బయలుదేరే దాకా ఇంట్లో ఎవరూ రుచి చూడకూడదు. "వరసలు కుదిరితేనే బస్సెక్కుదువు, లేదంటే ఈడనే ఉండు" అంది.

పిండి అయిపోయేసరికి నూట ఇరవై ఏడు అయ్యాయి. రెండు వరసలు పేర్చాను, ఒకటి మిగిలింది. మూడు పేర్చినా ఒకటే. ఐదు పేరిస్తే రెండు, ఏడు పేరిస్తే మళ్లీ ఒకటి. విసుగొచ్చి అన్నీ ఒకే వరసలో పెడితే వంటింటి నుంచి వీధి గడప దాకా వచ్చాయి. అత్తమ్మ తొంగి చూసి, "ఏందమ్మా ఇది, పండక్కి పంపేదా, రైలుబండా?" అని పోయింది. మళ్లీ ఏడు వరసలు పేర్చి, మిగిలిన ఆ ఒక్కదాన్నీ చూస్తూ కూర్చున్నాను. ఇంతలో మా ఆయన వచ్చాడు.

"ఏందే, ఏడుస్తాండావా?"

"ఏడ్చలేదు, లెక్కేస్తాండా. ఇదొకటి యాడా కుదరదు."

ఆయన దాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు. "ఇప్పుడు కుదిరె కదా" అన్నాడు.

నిజంగానే కుదిరింది, ఏడు వరసలూ సమానం. అత్తమ్మ వచ్చి చూసి తలూపింది, తర్వాత కొడుకు మొహం చూసింది.

"మీసానికి ఏందిరా అది?"

"సున్నమమ్మా. గోడకు కొడితి కదా."

ఆమె వేలితో తుడిచి, చూసి, నాలుక మీద పెట్టుకుంది. అది పుట్నాలపొడి, చక్కెర. తన పద్ధతి తానే తప్పినట్టు ఆమెకు తెలిసేసరికి ఆలస్యమైంది. వేలు కొంగుకు తుడుచుకుని, "సున్నమే లే. పోయి జడేసుకో, బస్సొస్తాది" అంది.

ఇప్పుడు బళ్లారిలో చదివే ఈ మనవరాలు చెబుతోంది, తప్పు నాది కాదట.

"అది ప్రధాన సంఖ్య అవ్వా. ఒకటితో, లేదంటే దానితోనే తెగుతాది, ఇంక దేంతో తెగదు. కాగితాలకు కాగితాలు పట్టేంత పెద్దవి ఉండాయి, వాటికి అంతే లేదు."

"అన్ని కజ్జికాయలు ఎవరు చేస్తారే?" అన్నాను.

పండక్కి ఇప్పటికీ చేస్తాను, అలవాటు కొద్దీ వరసలు పేరుస్తాను. ఒకటి మిగిలితే ఇప్పుడు నేనే తింటున్నాను. మీసం లేదు కాబట్టి దొరకను.