మా ఆయన కనురెప్ప వెంట్రుక

నేను సముద్ర జీవశాస్త్రవేత్తను. ఈ మాట వినగానే అందరూ తిమింగలాల గురించి అడుగుతారు. నేను తిమింగలాన్ని ఎన్నడూ చూడలేదు. నా ఉద్యోగమంతా సముద్రం అడుగు బురదలో, ఉప్పురవ్వ కన్నా చిన్నగా బతికే వెన్నెముక లేని పురుగులతోనే. పడవెక్కితే నాకు వాంతులు. అందుకని బురదే సీసాల్లో నా దగ్గరికొస్తుంది. దాన్ని జల్లెడ పట్టి, మైక్రోస్కోపు మీద వంగి కూర్చుంటాను. నా పరిశోధన వల్ల లోకానికి ఏం ఒరిగిందో తెలియదు గానీ, నా మెడ మాత్రం ఒక పక్కకి ఒరిగింది.

"మా కోడలు బురద పిసికి జీతం తెస్తుంది" అని అత్తయ్య ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటారు. అబద్ధమా అంటే, కాదు.

ఆ పురుగుల్ని పట్టకారుతో పడితే నలిగిపోతాయి. అందుకే సన్నపుల్లకి కనురెప్ప వెంట్రుక అంటించి, దానితో మెల్లగా కదుపుతాం. నా రెప్ప వెంట్రుకలు పొట్టివి, మొండివి. మా ఆయనవి పొడుగ్గా, మెత్తగా, కొస తిరిగి ఉంటాయి. చెప్పుల దుకాణంలో పనిచేసే మనిషికి దేవుడు అలాంటి రెప్పలెందుకిచ్చాడో నాకొక్కదానికే తెలుసు. పాత వెంట్రుక ఊడినప్పుడల్లా "ఏమండీ, ఒకటి" అంటాను. ఆయన కళ్లు మూసుకుని ముఖం చాపుతారు. మా కాపురంలో సరసం అంతవరకే.

ఇన్నేళ్లలో ఒక్క కొత్త జీవికీ నేను పేరు పెట్టలేదు. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లు కూడా పెట్టారు. నాకు దొరికేవన్నీ ఎవరో అప్పటికే చూసేసినవే. రిటైర్మెంట్ దగ్గరపడేకొద్దీ లోపల ఒకటే ఏడుపు: ఒక్కటంటే ఒక్కటి దొరక్కుండానే పోతానా అని.

దొరికింది. రిటైరయ్యేలోగా చూడాల్సినవాటిలో మిగిలిన రెండు బురద సీసాల్లో ఒకటి చూస్తుంటే, గాజు పళ్లెంలో సన్నగా, పొడుగ్గా, తల దగ్గర ఎనిమిది పొట్టి కాళ్లతో కనబడింది. నా పుస్తకాలన్నీ తిరగేశాను. ఏ సముద్రంలోనూ లేదు! ఇంటికి పరుగెత్తి, గుమ్మంలోనే "ఏమండీ, దానికి మీ పేరు పెడుతున్నా" అన్నాను.

ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటికల్లా దుకాణంలో కాలుపెట్టిన ప్రతివాళ్లకీ తెలిసిపోయింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అత్తయ్య గొణిగారు. ఆయన వినిపించుకోలేదు. "మనకా పిల్లల్లేరు, మా నాన్న పెట్టిన పేరు నాతోనే పోతుందనుకున్నానే. ఇక పుస్తకాల్లో ఉంటుందన్నమాట" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

ఫొటోలు ఒకప్పటి నా శిష్యురాలికి పంపాను. ఇప్పుడామె పెద్ద నిపుణురాలు. ఫోన్ చేసి, చాలాసేపు నా ఆరోగ్యం గురించే అడిగింది. అప్పుడే అనుమానించాల్సింది.

"మేడమ్, ఇది సముద్రంలోది కాదండీ."

"మరి?"

"మనుషుల కనురెప్ప వెంట్రుకల మొదళ్లలో ఉండే పురుగు. చాలామందికి ఉంటుంది, మామూలే. మీ పుల్లకి అంటించిన వెంట్రుక... స్పిరిట్‌తో కడిగారా మేడమ్?"

కడగలేదు. ఆ పొద్దున్నే పీకిన వెంట్రుక, తొందరలో అలాగే వాడేశాను. కడగని వెంట్రుక పళ్లెంలో ముంచిందని ఈ పిల్లనే ఒకప్పుడు నేను చెడామడా తిట్టాను. నాకు తల కొట్టేసినట్టయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటే నవ్వుతాం. నేను మొగుడి రెప్ప మీదున్నదాని కోసం సముద్రాలన్నీ వెతికాను.

ఆయనకు చెప్పడమే కష్టమైంది. భోజనాల దగ్గర, తల ఎత్తకుండా అంతా చెప్పేశాను. అత్తయ్య కూడా ఒక్క మాట అనలేదు. ఆవిడే జాలిపడ్డారంటే నా బతుకు ఎంత తీసికట్టయిందో చూడండి. ఆయన ఎడమకన్ను తడుముకున్నారు.

"అంటే అది మనింటిదేనా?"

"ఊఁ."

"ఇంకా సీసాలున్నాయా?"

"ఒకటుంది. తెరవను. పోయిన పరువు చాలు. రేపు ల్యాబ్ తాళాలిచ్చేసి వస్తా."

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నారు. కోపమొస్తే అరిచే మనిషి. అరవకపోయేసరికి నాకు దుఃఖం ఆగలేదు.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే ఎదురొచ్చి, మడతపెట్టిన కాగితం చేతిలో పెట్టారు. విప్పితే పొడుగాటి రెప్ప వెంట్రుక. ఆయన ఎడమకన్ను ఎర్రబడి నీళ్లు కారుతోంది.

"పీకకముందోసారి, పీకాకోసారి సబ్బుతో రుద్దాను. వెళ్లి ఆ సీసా కూడా చూడు" అన్నారు. "ఏదైనా దొరికితే మాత్రం వెంటనే నాకు చెప్పకు. నా నోటి సంగతి తెలుసుగా."