పన్నెండు కుండలు, ఒక ఖాళీ పీపా

ఎడారిలో బండను చీల్చి నీళ్లిచ్చిన దేవునికి స్తోత్రం. ఆయన నా ప్రాణాన్ని మిగిల్చి కనుబొమలను మాత్రమే తీసుకున్నాడు. అవి ఎలా పోయాయో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, మా సంఘమంతా నవ్వింది.

డెబ్బైల నాటి కరువులో, యాడికి అనే ఊరి దగ్గర మా చిన్న ప్రార్థనా మందిరానికి నేను కార్యదర్శిని. అనుమానంలో అపొస్తలుడైన తోమా నాకు తమ్ముడవుతాడు. కానుకల పెట్టెకు తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూసేవాణ్ణి.

వాన వస్తే పట్టుకుందామని పాత పెట్రోలు పీపా ఒకటి కొన్నాం. దానికి కొళాయి అతికించడానికి వెల్డింగు మస్తానన్న వచ్చాడు.

"ముందు దీన్ని నీళ్లతో నింపప్పా."

"ఖాళీ పీపాకు నీళ్లెందుకన్నా?"

"ఖాళీ అని ఎవురు చెప్పినారు? పెట్రోలు పోయినా ఆవిరి ఆడనే ఉండాది. నిప్పు తగిల్తే పేల్తాది. సచ్చేది నేను!"

సంఘం ఆడవాళ్లు రెండు మైళ్ల నుంచి మోసుకొచ్చిన నీళ్లు, పన్నెండు కుండలు! నాకు వెంటనే మస్తానన్న బర్రెలు గుర్తొచ్చాయి. ఓహో, పని అయ్యాక నీళ్లు తోలుకుపోయే ఎత్తు! ఆయన నమాజుకు వెళ్లగానే కుండలన్నీ గోడ వెనక దాచేశాను.

"నింపినావా?"

"నింపినా," అన్నాను, కార్యదర్శి నోటితోనే.

ఆయన స్పానరుతో పీపాను కొట్టాడు. ఠంగుమని మోగింది.

"నిండిన పీపా ఇట్ల మోగదప్పా. అబద్ధమాడతాండావు."

"లోపల ఏమీ లేదన్నా. కావాలంటే చూడు!" అని అడ్డంగా పడుకోబెట్టిన పీపా మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను.

మస్తానన్న నా కాలరు పట్టి వెనక్కి లాగాడు. అంతే, ఢాం! చెవుల్లో ఆదివారం గంటలన్నీ ఒకేసారి మోగాయి. పీపా అడుగురేకు ఊడి, గోడ దాటి ఎగిరిపోయింది. గోడ వెనక నుంచి ఫెళఫెళమని చప్పుడు.

మస్తానన్న ముందు నన్ను తడిమి చూశాడు. తర్వాత గోడ కిందకు చూశాడు. అక్కడి నుంచి చిన్న ఏరు పారుతూ వస్తోంది.

"ఏమప్పా, నీళ్లు పీపాలో పోసినా అంటివి, గోడ కింద నుంచి వస్తాండాయే?"

"నీ బర్రెలకు తోలుకుపోతావనుకున్నా అన్నా."

"నా బర్రెలా? పోయినేడు మేత లేక అమ్ముకుంటి గదప్పా!"

ఆ రోజు నుంచి, కాలిపోయిన కనుబొమల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: మనుషుల్ని నమ్ముతాను, ఖాళీ పీపాను మాత్రం ఏ జన్మానికీ నమ్మను. చదువరులారా, మీరూ నాతో ప్రార్థించండి: "ప్రభువా, అనుమానం ఉన్నవాడి చేతికి అగ్గిపెట్టె అందనియ్యకు. ఆమేన్."

కళ్లు మూసుకునే ముందు, చేతిలో బీడీ ఉంటే ఆర్పండి.