లెన్సు మీద కుంకుమ రేణువు

ఎర్ర చుక్క మాట నాకు మొదట చెప్పింది మా ఇంజనీరు ప్రసాద్ సార్. అది 2023 ఎండకాలం. జనగామ బయట మాది చిన్న యూనిట్. అంతరిక్షం నుంచి రేడియోకు బదులు లేజర్ వెలుగుతో సమాచారం పంపవచ్చా అని పరీక్షించే ఒక ప్రయోగ ఉపగ్రహానికి లెన్సు బిగిస్తున్నాం. వెలుగు బయటికి పోయే దారి అరచేతంత ఆ లెన్సే.

"మీలో ఎవరైనా ఎర్ర పెన్ను లోపలికి తెచ్చారా?" అన్నారు సార్, దీపం కింద దాన్ని వంచి చూస్తూ.

"పెన్నా? మా దగ్గర ఉన్నయి చేతులే సార్" అన్నది సరోజనక్క. ఆమెది భూపాలపల్లి, గని కార్మికుని బిడ్డ. మహబూబాబాద్‌లో బడి మొఖం చూడకుండా ఇంట్లనే నాయిన దగ్గర చదువుకున్న నాకు ఈ పని నేర్పింది ఆమెనే.

నేనూ వంగి చూశా. అది పెన్ను మచ్చ కాదు.

మా పని క్లీన్ రూమ్‌లో, అంటే దుమ్ము చొరని గదిలో. పౌడరు, కాటుక, బొట్టు ఏదీ ఉండొద్దు. ముందురోజు కురవి వీరభద్రస్వామి దర్శనం చేసుకొని, ఆ పొద్దున రైలు దిగి నేరుగా పనికి వచ్చాను. నొసటి బొట్టు కడుక్కున్నా. పాపిట్లో కుంకుమ తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు. పెనిమిటి బాగుండాలని పెట్టుకున్నది ఎట్ల తుడుస్తాం? తలకు వేసుకునే హుడ్ కింద ఎవరికి కనబడుతుందిలే అనుకున్నా. హుడ్ జారితే రెండుసార్లు సర్దుకున్నా కూడా.

ఆ రేణువు ఉండగా లేజర్ వదిలితే, అది మాడి లెన్సు పూతను కాల్చేస్తుంది. ఇంకో లెన్సు లేదు. చేయించేసరికి రాకెట్టులో మా చోటు పోతుంది.

సార్ అప్పటికే మెత్తని కాగితాన్ని అసిటోన్‌లో తడిపారు. నొక్కకుండా ఒక్కసారి లాగి తుడిచే ఆ పద్ధతిని డ్రాగ్ వైప్ అంటారు.

"ఆగుండ్రి సార్. అది కుంకుమ. నాదే."

"కుంకుమైతే ఏంటమ్మా, దుమ్మే కదా! ఒక్క తుడుపుకి పోద్ది."

"పోదు సార్. పసుపుతోని చేస్తరు. మందు తగిలితే రంగు ఇడిసి లెన్సంత పాకుతది."

సార్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"స్వామికి మొక్కి వచ్చి గిట్ల చేస్తివా పిల్లా!" అంటూ సరోజనక్క నైట్రోజన్ గన్ అందుకుంది. పొడి గాలి ఊదే పరికరం అది. "జరుగుండ్రి సార్. మా క్వార్టర్ల బొగ్గుపొడి మీద తడిబట్ట పెడితే మా అవ్వ వీపు పగలగొట్టేది. పొడిని పొడిగనే లేపాలె."

లెన్సు ముఖం కిందికి తిప్పించి, గాలి బాగా తగ్గించి, ఏటవాలుగా ఊదింది. రేణువు కదలలేదు. మళ్లీ ఊదింది. కదలలేదు. నేను దీపం పట్టుకొని స్వామిని తలుచుకుంటున్నా.

"మొక్కుడు బయటికి పోయినంక మొక్కు. గిప్పుడు దీపం సక్కగ పట్టు!" అన్నది అక్క.

మూడోసారి ఊదేసరికి చుక్క లేదు. సార్ చాలాసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "మరక కూడా లేదమ్మా" అన్నారు. అప్పుడు గానీ నేను దీపం దించలేదు.

జరిగింది నా పేరుతోనే రిపోర్టులో రాశాను. నెలరోజులు క్లీన్ రూమ్‌కు దూరం పెట్టారు. అది న్యాయమే. ఉపగ్రహం పైకి పోయింది, దాని వెలుగు కిందనున్న టెలిస్కోపుకు అందింది. దేవుని దయ.

మచ్చ కనబడితే తుడిచేది తర్వాత, అదేందో అడిగేది ముందు. నేను నేర్చుకున్నది అదే. కుంకుమ ఇప్పుడు పని దిగినంక పెట్టుకుంటున్నా.

వెలుగు అందిన నాటి ఫోటోలో సరోజనక్క లేదు. అప్పటికే చూపు మందగించి పని మానేసి భూపాలపల్లికి పోయింది. ఇది చదివిన మీరు దేవుని ముందు చేతులు జోడించినప్పుడు, ఆమె కండ్లు సల్లగుండాలని ఒక్క మాట అనుకోండి. ఆమె పేరు సరోజన.