జింగ్ అడిగిన ఇంగ్లిష్

2023 నవంబరు. కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో ఒక కమ్యూనిటీ సెంటర్ పై అంతస్తులో ఈఎస్‌ఎల్ చెబుతున్నాను. ఈఎస్‌ఎల్ అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు నేర్పే క్లాసు. గుంటూరులో డిగ్రీ పిల్లలకు నాటకాలు చెప్పిన నేను ఇక్కడ పాలు కొనడం, బస్సు ఎక్కడం, ఇంటి ఓనరుతో మర్యాదగా పోట్లాడటం చెబుతాను. నిజం చెప్పొద్దూ, నాకు ఇదే బాగుంది.

జింగ్‌కు పందొమ్మిదేళ్లు. తల్లితో కలిసి చైనా నుంచి వచ్చి ఏడాదయింది. తండ్రి ఉద్యోగం అక్కడే. తల్లికి ఇంగ్లిష్ ముక్క రాదు. జింగ్ క్లాసులో ఏం చెప్పినా తలూపేది, ఎన్నడూ ఏదీ అడిగేది కాదు. అలాంటి పిల్ల ఒకరోజు క్లాసయ్యాక ఆగి, ఆస్పత్రిలో మాట్లాడే ఇంగ్లిష్ కావాలంది. తల్లికి కడుపునొప్పి, స్పెషలిస్టు దగ్గర తనే మాట్లాడాలట.

రోల్ ప్లే మొదలుపెట్టాం, చెరో వేషం వేసుకుని మాట్లాడటమన్నమాట. నేను డాక్టర్ని. నొప్పి ఎప్పుడు మొదలైంది, తిన్నాక ఎక్కువవుతోందా అని అడిగేదాన్ని. "పెయినింగ్" అనకూడదని దిద్దుతూ నేనే ఒకసారి అలా అనేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది! జింగ్ నవ్వింది. ఆ నవ్వు చూసి అంతా మామూలే అనుకున్నాను.

తల్లికి ఆస్పత్రిలో పరీక్షలయ్యాక మళ్లీ వచ్చింది. ఈసారి తనకు ఒక్క వాక్యమే కావాలి. అమ్మ ముందు క్యాన్సర్ అనే మాట అనొద్దని డాక్టర్ని మర్యాదగా ఎలా అడగాలి?

నా గుండెల్లో రాయి పడింది. డాక్టర్ కిందటిసారే జింగ్‌కు ఇంగ్లిష్‌లో క్యాన్సరని చెప్పేశాడట. జింగ్ దాన్ని తల్లికి అల్సర్ అని చెప్పింది. వాళ్లలో రోగికి ఇలాంటివి చెప్పరు, తట్టుకోలేరని. నేనెలా తిడతాను? మా పెదనాన్నకు క్యాన్సర్ అని ఆయనకు తప్ప బంధువులందరికీ తెలుసు. ఆయనకూ అల్సరనే చెప్పాం.

"గురువారం ఆపరేషన్ గురించి మాట్లాడతారు టీచర్. అమ్మ నన్ను నమ్మి సరే అంటుంది" అంది.

దేనికో తెలియకుండా ఆ తల్లి ఆపరేషన్‌కు ఒప్పుకోవడం నాకు సరనిపించలేదు, ఆ వాక్యం నేర్పలేదు. ఇంకొకటి నేర్పాను: "ఐ యామ్ హర్ డాటర్. ప్లీజ్ కాల్ యాన్ ఇంటర్‌ప్రెటర్." ఇంటర్‌ప్రెటర్ అంటే ఆస్పత్రివాళ్లు ఫోన్లో కలిపే దుబాసీ.

"వాళ్లు అమ్మకు అంతా చెప్పేస్తారు."

"అవును. ఉన్నదున్నట్టు చెప్తారు."

జింగ్ ఈసారి తలూపలేదు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఆ తల్లి గుండె ఆగితే? ఒకరి ఇంటి పద్ధతిలో వేలు పెట్టడానికి నేనెవర్ని? మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మా ఆయన ఏమైందని అడిగినా చెప్పలేకపోయాను. చాలా భయపడ్డాను.

తర్వాతి క్లాసుకు జింగ్ ఉబ్బిన కళ్లతో వచ్చింది. అందరూ వెళ్లాక చెప్పింది. నేర్పిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా అందట. ఫోన్లో చైనీస్ గొంతు వినబడగానే, డాక్టర్ నోరు విప్పేలోపే తల్లి మాట్లాడింది: "ముందు మా పిల్లని బయటికి పంపండి. చిన్నది, తట్టుకోలేదు. తర్వాత నాకు చెప్పండి."

జింగ్ వరండాలో కూర్చుని ఏడ్చిందట. తల్లి బయటికొచ్చి, "ఇక నువ్వు చెప్పక్కర్లేదు, నేను విన్నాను" అని భుజం మీద చెయ్యేసింది. ఆపరేషన్ జనవరిలో అయింది. మందులు ఇంకా నడుస్తున్నాయి.

ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి వారంలోనే ఆ వాక్యం చెబుతున్నాను. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చిన పిల్ల ఉంటే ఆస్పత్రిలో మనకేం దిగుల్లేదనుకుంటాం, మన తెలుగువాళ్లూ అంతే. కానీ తల్లి జబ్బు పేరు తల్లికి చెప్పే పని ఆ పిల్ల నెత్తిన పెట్టకూడదు.