యూగో రోజున అన్న మాట

కుజ్మా తాతకి ఇద్దరు పెరినాలు. ఒకరు పెళ్లాం, ఒకటి పడవ. పడవకి పెళ్లాం పేరు పెడితే ఇంట్లో గొడవలుండవని ఆయన ఎత్తు. కానీ రేవులో నిలబడి, "పెరినా అడుగంతా పాచి పట్టింది, గీకి రంగేయాలి!" అని అరిచినప్పుడల్లా, చేపల బజారులో ఉన్న అసలు పెరినాని చూసి దీవి దీవంతా నవ్వేది.

"నాకు కొన్న చీటిగుడ్డ కంటే దానికి కొన్న రంగే ఎక్కువ," అనేది ఆమె.

"అది ఎదురు మాట్లాడదు కదే మరి!"

ఆ దీవిలో, దక్షిణం నుంచి యూగో వీచే రోజున ఎవరూ ఏదీ తేల్చరు. ఆ తడిగాలికి గోడలు చెమరుస్తాయి, తల దిమ్మెక్కుతుంది, నెమ్మదస్తులు కూడా కస్సుమంటారు. అప్పుడన్న మాట చెల్లదు. తాత పెళ్లి మాటెత్తింది అలాంటి రోజునే. పెరినా ఛీ పొమ్మంది. గాలి ఉత్తరానికి తిరగ్గానే మళ్లీ గుమ్మంలో తేలాడు.

"నిన్న యూగో. నువ్వన్నది నేను విననే లేదు. ఇప్పుడు చెప్పు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వేశాక కాదనడం కుదరలేదు.

సముద్రమంటే అంత పిచ్చి ఉండి కూడా తాత ఏనాడూ ఓడెక్కి దూరదేశాలకి పోలేదు. "మధ్యాహ్నం కూడుకి ఇంటికి రాలేనంత దూరాన ఉన్నది నా సముద్రం కాదు," అనేవాడు. పట్టుకొచ్చిన చేపల్ని నిప్పుల మీద కాల్చి, ముగ్గురు పిల్లలకీ ముళ్లు తీసి పెట్టి, ఆ తర్వాతే తను తినేవాడు. పెరినా మాత్రం పడవెక్కింది ఒక్కసారే, పెళ్లి రోజున. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఆకు కదల్లేదు. అయినా తెల్లగౌను మీద కక్కుకుని, ఇక చచ్చినా ఎక్కనని ఒట్టు పెట్టుకుంది.

పోయిన చలికాలం తాత నిద్రలోనే వెళ్లిపోయాడు. పట్నం నుంచి పెద్దకొడుకు వచ్చాడు, పేరు తోంచి. వారమంతా యూగో.

"పడవ ఎవరు నడుపుతారమ్మా? ఒడ్డున పడుంటే పగుళ్లిచ్చి పోతుంది. మన రేవులో జాలరి లోవ్రె కొనుక్కుంటానంటున్నాడు."

పెరినాకి తలనొప్పి. "నీ ఇష్టంరా," అనేసింది. అన్నాక, ఆయన్ని రెండోసారి సాగనంపినట్టయింది ఆమెకి.

తెల్లారేసరికి గాలి మారింది. ఉత్తరం నుంచి చల్లగా, పల్చగా వీస్తోంది. లోవ్రె పడవ తాడు విప్పుతుంటే పెరినా నల్లగౌనుతో రేవులోకి దిగింది.

"ఒరే లోవ్రె, నేను అమ్మమన్నప్పుడు ఏ గాలిరా?"

లోవ్రె టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "యూగోనే పిన్నీ."

"మరి?"

"మరేముంది, చెల్లదు." తాడు మళ్లీ కట్టేశాడు.

తోంచికి ఒళ్లు మండింది. "నీకేమైనా మతిపోయిందా లోవ్రె!"

"మీ నాన్న నాకిస్తానన్న వల ఇలాగే వెనక్కి లాక్కున్నాడు. ఆయన పెళ్లాం కాదూ?"

"సరే, ఉంచుకో అమ్మా! నడిపేదెవరో అది చెప్పు!"

"నేనే. నేర్చుకుంటాను. ఇవాళ్టికి నువ్వు తెడ్డెయ్యి." పెరినా చెప్పులు విడిచి, పడవ అంచు పట్టుకుని లోపలికి కాలు పెట్టింది.

"చచ్చినా ఎక్కనని ఒట్టేసుకున్నావు కదమ్మా!"

"పెళ్లి రోజున కదూ? ఆ రోజు యూగో."

గట్టు మీద ఆ పెళ్లి చూసిన ముసలాళ్లు కూర్చుని ఉన్నారు. ఆ రోజు ఆకు కదల్లేదని బాగా గుర్తున్నవాళ్లే ముందుగా తలలూపారు. "అబ్బో, ఏం యూగో అది!" అన్నాడొకాయన.

తోంచి తెడ్లు అందుకున్నాడు. రేవు దాటకముందే పెరినా అంచు మీదికి వంగి భళ్లున కక్కుకుంది. కొడుకు తెడ్లు ఆపబోయాడు.

ఆమె మూతి తుడుచుకుని, "ఇంకా ముందుకి పోనియ్యరా," అంది.